రెండు అరచేతుల మీద ప్రయాణం

మా ఊళ్ళో ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పళ్ళు చూస్తారు. సుళ్ళు చూస్తారు. నాలుగడుగులు నడిపించి కాళ్ళు చూస్తారు. బండి కట్టేముందు నాడాలు అరిగాయేమో చూస్తారు. అదే మనిషి మోటారు సైకిలు కొనడానికి వెళితే అడిగే ప్రశ్నలు మూడే. ఎన్ని సి.సి.? మైలేజీ ఎంత? ఏయే రంగులున్నాయి? టైరు సంగతి అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మా అన్నయ్య బండి కొన్ననాడు పక్కనే ఉండి నేనూ అడగలేదు. భౌతికశాస్త్రం చదువుతున్నవాణ్ణి, నేనైనా అడగవలసింది.

అడగనందుకు ఏం జరిగిందో ముందు చెబుతాను. తరువాత దూర ప్రయాణం చేసే మోటారు సైకిలుకు టైరు ఎలా ఎంచుకోవాలో, ఎలా కాపాడుకోవాలో నేను నేర్చుకున్నంతవరకు చెబుతాను.

2024 మే నెల. నా పరీక్షలయ్యాయి. మిరపకాయల డబ్బు చేతికొచ్చి అన్నయ్య కాస్త తీరిగ్గా ఉన్నాడు. శ్రీశైలం మొక్కు ఒకటి మూడేళ్ళుగా బాకీ ఉంది. అన్నయ్య 350 సి.సి. బండి మీద ఇద్దరం బయలుదేరాం. వెనక రెండు సంచులు. నాన్న వాకిట్లోకి వచ్చి, “ఎండలు మండిపోతున్నాయిరా. దారిలో టైర్లల్లో గాలి కాస్త తగ్గించుకోండి, పేలతాయి” అన్నాడు. ఈ మాట మా నాన్న ఒక్కడే అనేది కాదు. వేసవిలో ఏ ఊళ్ళో ఏ అరుగు మీద కూర్చున్నా వినబడే మాటే.

నరసరావుపేట మీదుగా వినుకొండ చేరేసరికి పది గంటలైంది. టిఫిను చేసి పెట్రోలు బంకులో గాలి చూపించాం. పొద్దున ఇంటి దగ్గర 32 ఉన్న వెనక టైరు అక్కడ 37 చూపించింది. “చూశావా, నాన్న చెప్పినట్టే గాలి పెరిగిపోయింది” అన్నాడు అన్నయ్య. నేనే వంగి వాల్వు నొక్కి 30 దాకా వదిలేశాను. తెలివైన పని చేశాననుకున్నాను.

వినుకొండ దాటి ఇరవై కిలోమీటర్లు పోయామో లేదో, ఫట్‌మని శబ్దం వచ్చింది. బండి వెనక భాగం పాములా అటూ ఇటూ మెలికలు తిరిగింది. అన్నయ్య వెనక బ్రేకు తొక్కకుండా, హ్యాండిలు బిగించి పట్టుకుని వేగం తగ్గనిచ్చాడు. రోడ్డు అంచు కంకర దాకా వచ్చి పడిపోయాం. నాకు మోకాలు చీరుకుపోయింది. అన్నయ్యకు ఎడమ మణికట్టు విరిగింది. మా వెనకే వస్తున్న లారీ డ్రైవరు ముందే చూసి బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈ వ్యాసం రాయడానికి నేను ఉండేవాణ్ణి కాను.

ఆ డ్రైవరే దగ్గరి ఊరినుంచి పంక్చర్లు వేసే ఒక పెద్దాయన్ను పిలిపించాడు. ఆయన టైరు విప్పి ట్యూబు నా చేతిలో పెట్టాడు. మేకు లేదు, ముల్లు లేదు. వాల్వు మొదట్లో ట్యూబు అడ్డంగా చీరుకుపోయి ఉంది. టైరు లోపల వేలు పెట్టి రాస్తే నల్లటి రబ్బరు పొడి అంటుకుంది.

“మేకు ఎక్కడ గుచ్చుకుంది బాబాయ్?” అన్నాను.

“మేకు లేదు, ఏం లేదు బాబూ. గాలి చాలక టైరు రిమ్ము మీద జారింది. టైరుతో పాటు ట్యూబు జరిగింది. వాల్వు రిమ్ము కన్నంలో ఉంది కదా, అది ఎక్కడికి జరుగుతుంది? తెగింది.”

“గాలి 30 ఉంది బాబాయ్, నేనే చూశాను.”

“ఎప్పుడు చూశావు? చల్లగా ఉన్నప్పుడా, కాలుతున్నప్పుడా?”

ఆ ప్రశ్నకు జవాబు నేను ఇంటర్మీడియెట్‌లోనే రాశాను. మార్కులు కూడా వచ్చాయి.

ఘనపరిమాణం మారకుండా ఉంటే వాయువు పీడనం దాని పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. ఇది గేలుసాక్ నియమం. టైరును దాదాపు ఘనపరిమాణం మారని పాత్ర అనుకోవచ్చు. పొద్దున గాలి 27 డిగ్రీల సెంటీగ్రేడు, అంటే 300 కెల్విన్. ఎండలో, బరువుతో, వేగంతో నడిచిన టైరులో గాలి 57 డిగ్రీలకు చేరిందనుకుందాం. అది 330 కెల్విన్. సరిగ్గా పదోవంతు పెరిగింది. పీడనమూ పదోవంతు పెరగాలి. కాని ఒక్క జాగ్రత్త. గేజి చూపించేది వాతావరణ పీడనానికి పైన ఉన్నది మాత్రమే. గేజిలో 32 అంటే చదరపు అంగుళానికి 32 పౌండ్లు. దానికి వాతావరణ పీడనం 14.7 కలిపితే అసలు పీడనం 46.7. పదోవంతు పెంచితే 51.4. అందులోంచి 14.7 తీసేస్తే గేజి చూపించేది దాదాపు 37. మేము వినుకొండలో చూసింది అదే. అంటే గాలి ఎక్కువ కాలేదు. పొద్దున ఉన్న గాలే వేడెక్కింది. అంతే!

ఇప్పుడు నేను చేసిన పని లెక్క కట్టండి. వేడి మీద 30కి దించాను. అసలు పీడనం 44.7. చల్లబడితే 40.6. గేజి మీద దాదాపు 26. ఇక బండితో ఇచ్చిన పుస్తకం తీసి చూస్తే వెనక టైరుకు ఒక్కరుంటే 32, ఇద్దరుంటే 36 ఉండాలని రాసి ఉంది. ఆ పుస్తకం కొన్ననాటినుంచి బీరువాలో భద్రంగా ఉంది. 36 ఉండవలసిన చోట 26తో మే నెల ఎండలో ఇద్దరం, రెండు సంచులతో పోయాం. పది పౌండ్ల లోటు. అందులో నాలుగు పొద్దున్నే ఉంది, మిగతా ఆరు నా వేలితో వదిలాను.

గాలి తగ్గితే టైరుకు ఏమవుతుంది? ఇక్కడే అసలు విషయం ఉంది. మోటారు సైకిలును, మనుషులను మోసేది రబ్బరు అని మనం అనుకుంటాం. మోసేది చాలావరకు గాలి. రబ్బరు, దానిలోని నూలు పొరలు ఆ గాలిని పట్టి ఉంచే సంచి మాత్రమే. మా బండి, ఇద్దరం, సామాను కలిపి దాదాపు 360 కిలోలు. అందులో వెనక చక్రం మీద పడేది 225 కిలోలు అనుకుందాం. 36 పౌండ్లు అంటే చదరపు సెంటీమీటరుకు రెండున్నర కిలోలు. 225ను రెండున్నరతో భాగిస్తే 90 చదరపు సెంటీమీటర్లు. టైరు నేలను తాకే చోటు సుమారు అంత. మీ అరచెయ్యి చాచి చూసుకోండి, దాదాపు అంతే ఉంటుంది. ముందు చక్రానిది ఇంకా చిన్నది. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా, వానలో పోయినా మన ప్రాణం నేలను పట్టుకుని ఉండేది ఈ రెండు అరచేతులంత మేరలోనే.

గాలి 26కు దిగితే అదే బరువు మోయడానికి టైరు మరింత పరుచుకోవాలి. 90 ఉన్నది 120 దాటుతుంది. నేలను తాకిన ప్రతిసారీ పక్క గోడలు ఎక్కువగా వంగుతాయి. కట్టెల మోపుకు కట్టిన ఇనుప తీగను చేత్తో తెంచాలంటే ఏం చేస్తాం? అటూ ఇటూ వంచుతాం. వంగిన చోట ముట్టుకుంటే చురుక్కుమంటుంది. రబ్బరూ అంతే. వంచడానికి పెట్టిన శక్తి అంతా తిరిగి రాదు, కొంత వేడిగా మిగిలిపోతుంది. మా బండి వెనక చక్రం చుట్టుకొలత దాదాపు 2 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 సార్లు తిరుగుతుంది. అంటే టైరులో ప్రతి భాగమూ సెకనుకు పదకొండుసార్లు వంగి లేస్తుంది. ఆ వేడికి రబ్బరు మెత్తబడుతుంది, పొరలు విడిపోతాయి. ట్యూబు ఉన్న టైరైతే రిమ్ము మీద పట్టు కూడా సడలి జారుతుంది.

కాబట్టి వేసవిలో టైర్లు పేలడం నిజమే. గాలి ఎక్కువై పేలతాయన్నది మాత్రం చాలావరకు పొరపాటు. ఎండకు పెరిగే నాలుగైదు పౌండ్లు తట్టుకునేట్టే టైరు చేస్తారు. పుస్తకంలో రాసే అంకె కూడా చల్లగా ఉన్నప్పటి అంకే. దారిలో పెరిగేది అందులో లెక్కవేసే ఉంటుంది. గాలి చాలకపోవడం, మోయలేని బరువు, ముసలి రబ్బరు, వీటికి ఎండ తోడైతే టైరు పేలుతుంది. గాలి తగ్గించడం వేడిని తగ్గించదు, పెంచుతుంది.

మరి మా నాన్న అంత అనుభవం ఉన్న రైతు, ఆయన మాట ఎక్కడినుంచి వచ్చింది? దీని గురించి చాలా ఆలోచించాను. ఆయన మాట పొలంలో పుట్టింది. పొలంలో అది నిజం. ట్రాక్టరు వెనక టైర్లలో దుక్కికి గాలి బాగా తక్కువ ఉంచుతాం. పట్టు కోసం నీళ్ళు కూడా నింపుతాం. మెత్తటి నేలమీద టైరు ఎంత పరుచుకుంటే అంత పట్టు, నేల అంత తక్కువగా గట్టిపడుతుంది. పైగా దుక్కిలో వేగం గంటకు నాలుగైదు కిలోమీటర్లు. వంగినా వేడెక్కే తీరిక ఉండదు. అదే టైరుతో రోడ్డెక్కి ట్రక్కు నిండా పత్తి వేసుకుని పోవాలంటే గాలి పెంచవలసిందే. పొలంలో పనికొచ్చిన తెలివి రోడ్డు మీదికి వచ్చేసరికి ప్రమాదమైంది. తప్పు ఆ తెలివిది కాదు. ఎక్కడికి ఏది పనికొస్తుందో విడదీసి చూడని నాది.

గాలి మీద ప్రయాణం చేయడం మనిషికి అంత పాత విద్య కాదు. మన ఎడ్లబండి చక్రానికి ఇనుప కట్టును నిప్పుల్లో కాల్చి ఎర్రగా ఉండగా తొడిగి నీళ్ళు పోసేవారు. చల్లబడి కుంచించుకుని అది చక్రాన్ని బిగించేది. ఎంతో చక్కటి పనితనం. కాని దారిలోని ప్రతి రాయీ మన వెన్నులో తెలిసేది. రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరిచే పద్ధతికి చార్లెస్ గుడ్ఇయర్ 1844లో అమెరికాలో పేటెంటు పొందాడు. మరుసటి ఏడాది, 1845లో, రాబర్ట్ విలియం థామ్సన్ గాలి నింపిన చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. కాని అది వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరును మళ్ళీ చేశాడు. అప్పటినుంచి అది లోకమంతా పాకింది. పశువుల డాక్టరు చేతిలోంచి వచ్చిందని చెప్పినప్పుడు మా నాన్న ఎంత సంతోషించాడో!

ఇక కొత్త టైరు కొనడం గురించి. అన్నయ్య చేతికి కట్టు విప్పాక ఇద్దరం టైర్ల షాపుకు వెళ్ళాం. ఈసారి ప్రశ్నలు రాసుకుని వెళ్ళాను.

మొదటిది సైజు. టైరు పక్కన 120/80-18 అని ఉంటే 120 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 80 అంటే ఆ వెడల్పులో నూటికి ఎనభై వంతుల ఎత్తు, అంటే 96 మిల్లీమీటర్లు. 18 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. పుస్తకంలో ఉన్న సైజే కొనాలి. మన మిత్రులు కొందరు అందానికని లావు టైరు వేయిస్తారు. ఇరుకు రిమ్ము మీద లావు టైరు నొక్కుకుపోయి ఆకారం మారుతుంది. మలుపులో బండి వాలే తీరు మారుతుంది. కొన్ని బండ్లకు చైనుకు కూడా రాసుకుంటుంది. బిగుతు చొక్కాలో లావు మనిషిని దూర్చినట్టన్నమాట.

రెండవది మోయగల బరువు, పోగల వేగం. సైజు పక్కన 62పి అని ఉంటే 62 అన్నది ఒక సంకేతం, దానికి అర్థం 265 కిలోలు. 52 అయితే 200 కిలోలు, 57 అయితే 230. తరువాతి అక్షరం వేగానిది. పి అంటే గంటకు 150 కిలోమీటర్లు, ఎస్ అంటే 180, హెచ్ అంటే 210. మన రోడ్ల మీద వేగం అక్షరంతో పెద్ద పనిలేదు. బరువు అంకెతో ఉంది. ఇద్దరు కూర్చుని, సంచులు కట్టి, రెండు రోజుల ప్రయాణం చేసేవాళ్ళు వెనక చక్రం మీద పడే బరువును ఈ అంకెతో పోల్చి చూసుకోవాలి. ఈ రెండూ పుస్తకంలో ఉన్నదానికి తగ్గకూడదు.

మూడవది ట్యూబా, ట్యూబ్‌లెస్సా. ట్యూబు ఉన్న టైరుకు మేకు గుచ్చుకుంటే గాలి ఒక్కసారిగా పోవచ్చు. ట్యూబ్‌లెస్ టైరులో మేకు చుట్టూ రబ్బరు పట్టుకుని ఉంటుంది కాబట్టి సాధారణంగా గాలి మెల్లగా పోతుంది, ఆగడానికి వ్యవధి దొరుకుతుంది. చక్రం విప్పకుండానే పంక్చరు వేసుకోవచ్చు. దూర ప్రయాణాలకు ఇదే మేలు. అయితే ఇది రిమ్మును బట్టి ఉంటుంది. మామూలు స్పోకుల చక్రంలో ప్రతి స్పోకుకూ రిమ్ములో ఒక కన్నం ఉంటుంది, గాలి నిలవదు. అందుకని దానికి ట్యూబు తప్పదు. మా బండి అలాంటిదే. అందుకే టైరు మార్చిన ప్రతిసారీ ట్యూబు కూడా కొత్తది వేయించాలి. సాగిపోయిన పాత ట్యూబు కొత్త టైరులో మడతపడి కోసుకుపోతుంది.

నాలుగవది గాళ్ళు, అంటే టైరు మీది డిజైను. ట్రాక్టరు చూసి పెరిగిన నాకు గాళ్ళు ఎంత లోతుంటే పట్టు అంత అనిపించేది. మట్టిలో అది నిజమే. ముళ్ళలా లేచిన రబ్బరు మట్టిలోకి దిగి పట్టుకుంటుంది. తారు రోడ్డులోకి ఏదీ దిగదు. పొడి రోడ్డు మీద ఎంత రబ్బరు తాకితే అంత మంచిది. పందేల బండ్లకు పొడి రోజున గాళ్ళే లేని నున్నటి టైర్లు వేసేది అందుకే. గాళ్ళ పని అంతా వానలో ఉంది. చేలో నీళ్ళు నిలవకుండా బోదెలు తీసినట్టే, టైరు కింద నీళ్ళు బయటికి పోవడానికి ఈ కాలవలు. అరిగిపోతే నీళ్ళకు దారి ఉండదు. టైరు నీటి పొర మీద తేలుతుంది. అప్పుడు బ్రేకు వేసినా, హ్యాండిలు తిప్పినా బండికి తెలియదు. కాబట్టి తారు రోడ్ల మీద తిరిగేవారికి మధ్యరకం గాళ్ళున్న టూరింగ్ టైరు సరిపోతుంది. పొలం దారుల ఎత్తు ముళ్ళ టైరు హైవే మీద గీపెడుతుంది, తొందరగా అరుగుతుంది, తడి రోడ్డు మీద పట్టూ తక్కువే.

అయిదవది రబ్బరు రకం. మెత్తటి రబ్బరు బాగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. గట్టిది ఎక్కువకాలం వస్తుంది, పట్టు తక్కువ. తిన్నటి రోడ్ల మీద వేల కిలోమీటర్లు పోతే టైరు నడినెత్తి ఒక్కటే అరిగి బల్లపరుపవుతుంది. అలాంటి టైరుతో ఘాటెక్కితే ప్రతి మలుపులోనూ బండి అంచు మీద ఎక్కి దిగినట్టు తూలుతుంది. అందుకని కొన్ని టూరింగ్ టైర్లకు నడిమధ్య గట్టి రబ్బరు, అంచులకు మెత్తటి రబ్బరు వాడతారు.

ఆరవది, షాపువాడు ఎంత తొందరపెట్టినా చూడవలసింది, పుట్టిన తేదీ. టైరు పక్కన నాలుగంకెలు విడిగా ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో చేసిందని అర్థం. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మాకు మొదట తెచ్చిచ్చిన టైరు చూడ్డానికి నిగనిగలాడుతోంది. తేదీ చూస్తే నాలుగేళ్ళ క్రితంది. మరొకటి ఇవ్వండన్నాను. “ఇవన్నీ ఎవరు చెప్పారు తమ్ముడూ?” అంటూ నవ్వి లోపలినుంచి రెండు నెలల టైరు తెచ్చాడు. అడగకపోతే పాతదే వచ్చేది. బిగించేటప్పుడు పక్కనున్న బాణం గుర్తు చక్రం తిరిగే దిక్కుకే ఉందో లేదో కూడా చూడండి.

కొన్న తరువాత కాపాడుకోవడం ఇంకా తేలిక. డబ్బు కంటే అలవాటు కావాలి.

వారానికొకసారి, ప్రతి దూర ప్రయాణానికి ముందు, పొద్దున్నే బండి కదిలించకముందు గాలి చూసుకోవాలి. బంకు దాకా నడిపితే టైరు అప్పుడే వేడెక్కడం మొదలుపెడుతుంది. అందుకని చిన్న గేజి ఒకటి సొంతానికి ఉండటం మంచిది. దారిలో వేడి మీద అంకె పెరిగి కనబడితే వదిలేయకండి. వెనక మనిషి ఎక్కుతున్నా, సామాను కడుతున్నా పుస్తకంలోని రెండవ అంకె చూడండి. వాల్వు మూత పారేయకండి, దుమ్ము పోకుండా కాపాడేది అదే. నత్రజని కొట్టిస్తే వేడికి పెరగదని కొందరంటారు. మన గాలిలో నూటికి 78 వంతులు నత్రజనే. గేలుసాక్ నియమం దానికీ వర్తిస్తుంది.

కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది, పట్టు పూర్తిగా ఉండదు. మొదటి నూట యాభై, రెండువందల కిలోమీటర్లు మెల్లగా నడిపి, మలుపుల్లో కొద్దికొద్దిగా వాల్చి, గరుకు తేలనివ్వాలి. షోరూములోంచి తెచ్చిన రోజే ఘాటెక్కడం మంచిది కాదు.

గాళ్ళ అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు పక్కన టి.డబ్ల్యూ.ఐ. అన్న అక్షరాలో, చిన్న బాణమో వాటి చోటు చూపిస్తుంది. టైరు అరిగి ఆ గట్టుతో సమానమైతే దాని ఆయుష్షు తీరినట్టే. వానాకాలం ప్రయాణమైతే అంతదాకా కూడా ఆగకూడదు.

అరక్కపోయినా టైరు ముసలిదవుతుంది. ఎండ, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ రబ్బరును పెళుసు చేస్తాయి. పక్క గోడల మీద మడి ఎండి నెర్రెలిచ్చినట్టు సన్నటి పగుళ్ళు కనబడతాయి. అయిదేళ్ళు దాటిన టైరును ఏటేటా తెలిసినవాడికి చూపించాలి. పదేళ్ళు దాటింది ఎంత బాగా కనబడినా తీసేయాలి. బండి కడిగించేటప్పుడు డీజిలు, కిరోసిను టైరు మీద పడనీయకండి, రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. నేలను తాకే భాగానికి నలుపు మెరుపులు పూయించకండి, జారుతుంది.

పంక్చరు నడినెత్తి భాగంలో పడితేనే బాగుచేయించండి. పక్క గోడకు తెగితే ఆ టైరును నమ్మకూడదు. అన్నింటికంటే ఎక్కువగా వంగేది ఆ గోడే. ప్రయాణంలో టైరు పేలితే బ్రేకు గట్టిగా వేయాలనిపిస్తుంది. వేయకండి. హ్యాండిలు గట్టిగా, తిన్నగా పట్టుకుని యాక్సిలరేటరు వదలండి. అవసరమైతే బాగున్న చక్రం బ్రేకు మాత్రమే, అదీ మెల్లగా వాడండి. మా అన్నయ్య ఇది ఎక్కడా చదవలేదు. నాగలి పట్టిన చేతులు కాబట్టి తిన్నగా పట్టుకున్నాడనుకుంటాను.

ఆ డిసెంబరులో మళ్ళీ బయలుదేరి మొక్కు తీర్చుకున్నాం. దోర్నాల దాటి నల్లమల మలుపుల్లో బండి వాలినప్పుడల్లా నా మనసు వెనక చక్రం మీదే ఉంది. ఏమీ కాలేదు. తిరిగివచ్చాక ట్రాక్టరు పక్కన నిలబడి నాన్నకు లెక్కంతా చెప్పాను. అంతా విని, “అయితే ఇన్నాళ్ళూ నేను చెప్పింది తప్పేనంటావా?” అన్నాడు. “పొలంలో నువ్వు చెప్పిందే రైటు నాన్నా. రోడ్డు మీద పుస్తకం చెప్పింది రైటు” అన్నాను. ఆయన ఏమీ అనలేదు. కాని ఇప్పుడు మేమెవరం ఊరికి బయలుదేరుతున్నా, పొద్దున కాఫీకంటే ముందు గేజి తెచ్చి చేతికిస్తాడు. “చల్లగా ఉండగానే చూసుకోరా” అంటాడు.

మిత్రులారా! సూత్రం తెలియక నేను పడలేదు. తెలిసీ వాడక పడ్డాను. తరగతి గదిలో నేర్చుకున్నది స్టాండులో ఉన్న బండి దాకా రాకపోతే ఆ చదువు బీరువాలోని పుస్తకం లాంటిదే. ఈ సంచిక చేతికి వచ్చిన రోజున మీ బండి దగ్గరికి వెళ్ళి ఒకసారి వంగి చూడండి. తేదీ ఎంత? గాళ్ళు ఎంత? గాలి ఎంత? మూడు నిమిషాల పని.